మూలమట్టం ఎవరి చేతిలో ఉంది?

గోడ కట్టే మేస్త్రీ దగ్గర తూకంగుండు, రసమట్టం, మూలమట్టం తప్పకుండా ఉంటాయి. మూల కాస్త విచ్చుకున్నా నాలుగు వరసలు లేవకముందే పట్టేస్తాడు. కంప్యూటర్లో ఇల్లు గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. గీత వంకరపోయినా తెర మీద అంతా నున్నగానే కనిపిస్తుంది. తప్పు బయటపడేది పైకప్పు వేసేటప్పుడో, మెట్లు ఎక్కించేటప్పుడో. అది ఎక్కడ మొదలైందో వెతకడం మళ్లీ మొదటినుంచి గీయడం కన్నా పెద్ద పని అవుతుంది.

ఈ వెతుకులాట అన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకేలా ఉండదు. ఇల్లు గీయాలనుకునే మామూలు మనిషి మొదట తలుపు తట్టే రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి స్కెచ్‌అప్. 2000లో అమెరికాలో మొదలై, 2006లో గూగుల్ చేతికి, 2012లో ట్రింబుల్ చేతికి వెళ్లింది. రెండోది స్వీట్ హోమ్ త్రీడీ. ఎమ్మాన్యుయెల్ ప్యుబరే అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ జావాలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. పరీక్షకు మనకు అలవాటైన ఇంటినే తీసుకుందాం: బయట తొమ్మిది అంగుళాల గోడలు, 10×12 అడుగుల పడకగది, పైకి మెట్లు, ముందు పెంకుల వాలు వసారా.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి, మిగతావన్నీ దాని పిల్లలే. స్కెచ్‌అప్‌కు గోడ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి గీతలు, వాటి మధ్య పరుచుకునే ఫేసులు మాత్రమే. గోడ, శ్లాబు, మెట్టు అన్నవి గీసేవాడి మనసులోని పేర్లు. స్వీట్ హోమ్ త్రీడీకి మాత్రం గోడ తెలుసు, దానికి మందం, ఎత్తు ఉంటాయని తెలుసు, కిటికీ పెడితే గోడకు కన్నం పడాలనీ తెలుసు. ఒకటి ఏమీ తెలియని కుర్ర కూలీ. రెండోది అన్నీ తనకే తెలుసనుకునే పాత మేస్త్రీ.

ఇక తప్పుల సంగతి. స్కెచ్‌అప్‌లో తరచూ వినిపించే గోడు ఒకటే: నాలుగు గీతలూ కలిశాయి, ఫేస్ మాత్రం రావట్లేదు. ఎక్కువగా కారణాలు రెండు. ఏదో ఒక మూలలో గీతలు కలిసినట్టు కనిపిస్తున్నాయి గాని కలవలేదు. లేదా నాలుగు మూలలూ ఒకే తలంలో లేవు, ఒకటి వెంట్రుకవాసి పైకి లేచింది. పెంకుల వసారా దగ్గర ఈ రెండోది ఎక్కువ. నాలుగు కొనల్లో ఒకటి తప్పుగా దిగితే ఆ వాలు ఎప్పటికీ మూసుకోదు. ఎదురెదురు మూలలను ఒక గీతతో కలిపితే రెండు త్రిభుజాలుగా మూసుకుంటుంది. కాని అది అతుకు, వైద్యం కాదు. నడుమ ఆ గీత మిగిలిందంటే కప్పు మెలిక తిరిగి ఉందన్నమాటే.

ఇక్కడ స్కెచ్‌అప్‌ను మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫేస్ ఎందుకు రాలేదో అది నోరు విప్పి చెప్పదు గాని, ఆనవాళ్లు దాచదు. ఒకవైపే ఫేస్ ఉన్న గీతను లావుగా చూపిస్తుంది, రెండు వైపులా ఉంటే సాధారణంగా సన్నగా. గీతలకు అక్షాల రంగు వేయమంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాకుండా నల్లగా మిగిలినది ఏ అక్షం వెంటా లేదని తెలిసిపోతుంది. కొలత ముందు అల లాంటి చిన్న గుర్తు కనిపిస్తే ఆ అంకె సరిగ్గా అంతే కాదని, దగ్గర్లో ఎక్కడో ఉందని అర్థం. గోడ బయటి వైపు తెల్లగా కాకుండా నీలిబూడిద రంగులో ఉంటే ఫేస్ తిరగబడిందని గుర్తు. చూడటం నేర్చిన కంటికి ఇవన్నీ తూకంగుండు లాంటివే. నేర్చుకోని కంటికి ఉత్త రంగులు.

స్వీట్ హోమ్ త్రీడీలో వాలు కప్పు గొడవే లేదు, ఎందుకంటే కప్పు వేసే పనిముట్టే దానిలో లేదు. గోడ రెండు చివరల ఎత్తులు వేరుగా ఇచ్చి త్రికోణపు గోడ లేపవచ్చు, దానిమీద పెంకుల కప్పును మాత్రం విడి నమూనాగా పెట్టుకోవాల్సిందే. తప్పు జరిగే చోటునే తీసేస్తే తప్పు జరగదు నిజమే, దాన్ని సామర్థ్యం అనలేం.

కిటికీ దగ్గర పాత్రలు తారుమారవుతాయి. స్వీట్ హోమ్‌లో కిటికీని తెచ్చి గోడమీద వదిలితే చాలు, అది గోడకు అతుక్కుని రెండు వైపులా కన్నం పడుతుంది. స్కెచ్‌అప్‌లో కిటికీ కాంపొనెంటు, అంటే సిద్ధంగా చేసి పెట్టిన ముక్క, తాను అంటుకున్న ఒక్క ఫేస్‌నే కోస్తుంది. తొమ్మిది అంగుళాల గోడకు ఫేసులు రెండు. బయటినుంచి చూస్తే కిటికీ, గదిలోంచి చూస్తే గోడ! లోపలి ఫేస్‌లో కన్నం మనమే కోసుకోవాలి. గోడమీద కిటికీ ఆకారం గీసి, దాన్ని లోపలికి నెట్టి కన్నం చేద్దామన్నా రెండు ఫేసులూ సమాంతరంగా ఉంటేనే అది తెరుచుకుంటుంది. గోడ భాగాలను ఒకే గ్రూపుగా కట్టి ఉంటే ఆ గ్రూపు తెరిచి గీయాలి, బయట గీసిన చతురస్రం గోడను తాకినట్టే ఉంటుంది గాని కోయదు.

మరి స్వీట్ హోమ్ నెగ్గినట్టేనా? బయటినుంచి తెచ్చిన కిటికీ నమూనాను అందులో పెట్టి చూడండి. దిగుమతి చేసేటప్పుడు ఇది తలుపు లేదా కిటికీ అని చెప్పే చిన్న గడిలో టిక్కు పెట్టకపోతే, అది బీరువా లాగే ఒక సామాను. గోడలో ఇరుక్కుని కూర్చుంటుంది, కన్నం పడదు. మెట్లదీ అదే తంతు. మెట్ల ఎత్తు పై అంతస్తు నేలను అందుకోకపోతే శ్లాబు తెరుచుకోదు. ఎంతసేపు చూసినా తెరమీద కారణం కనిపించదు. అది డైలాగ్ బాక్సులో ఒక అంకెలోనో, పెట్టని టిక్కులోనో ఉంటుంది. స్కెచ్‌అప్‌లో తప్పు బొమ్మలో ఉంటుంది, అక్కడ కళ్లు కావాలి. స్వీట్ హోమ్‌లో తప్పు మన ఉద్దేశానికీ దాని ఊహకూ మధ్య ఉంటుంది, అక్కడ దాని ఊహలేమిటో చదివి తెలుసుకునే ఓపిక కావాలి.

పాత ప్లాను కాగితాన్ని స్కాన్ చేసి అడుగున పరిచి గీసేవాళ్లకు మరో తేడా ఎదురవుతుంది. స్కెచ్‌అప్‌లో స్కేలు తప్పిందని ఆలస్యంగా తెలిసినా ఫర్వాలేదు. తెలిసిన ఒక పొడవును టేపుతో కొలిచి అసలు అంకె కొడితే మొత్తం మోడలే సర్దుకుంటుంది. స్వీట్ హోమ్‌లో తర్వాత స్కేలు దిద్దితే అడుగునున్న బొమ్మ మారుతుంది గాని, అప్పటికే గీసిన గోడలు పాత కొలతల్లోనే నిలబడి ఉంటాయి. కాబట్టి అక్కడ మొదటి గోడ గీయకముందే స్కేలు సరిచూసుకోవడం తప్పదు.

నా తీర్పు ఇది. గదులు ఎటు పెట్టాలి, మంచం పడుతుందా, తలుపు ఎటు తెరవాలి అన్న ప్రశ్నలకు స్వీట్ హోమ్ చాలు, పైగా త్వరగా అవుతుంది. సజ్జ, పిట్టగోడ, వాలు కప్పు దాకా వెళ్లేవాళ్లు స్కెచ్‌అప్ శ్రమ పడాల్సిందే. మరమ్మతు నేర్పే గురువుగా స్కెచ్‌అప్పే మేలు. అది మూలమట్టాన్ని మన చేతికే ఇస్తుంది. స్వీట్ హోమ్ తన దగ్గరే పెట్టుకుంటుంది.

రెండూ కలిసి ఓడిపోయే చోటు ఒకటి మిగిలింది, అది మన 10×12 గది. స్వీట్ హోమ్ గోడను మధ్యగీత మీద గీస్తుంది. పది, పన్నెండు అని కొట్టి నాలుగు గోడలకూ మందం తొమ్మిది అంగుళాలు ఇస్తే, లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు, 11 అడుగుల 3 అంగుళాలు. 120 చదరపు అడుగుల గది 104కు జారిపోతుంది, ఎక్కడా ఎర్రగీత పడదు. స్కెచ్‌అప్‌లో గోడ మందాన్ని లోపలికి తీస్తామో బయటికి తీస్తామో మన చేతివాటం, అదీ అడగదు. ముగ్గు పోసిన రోజే మేస్త్రీ అడిగే మొదటి మాట మాత్రం ఇదే: “పది అంటే లోపలి కొలతా సార్, గోడతో కలిపా?” ఒకటి గోడంటే తెలియక అడగదు, ఇంకొకటి తెలుసనుకుని అడగదు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి, మొదటి గీతకు ముందు.