వంతపాట నేర్పే చదువు

తెలుగులో ఒకణ్ణి చిన్నబుచ్చడానికి ‘వంత పాడుతున్నాడు’ అన్న మాట చాలు. నలుగురిలో గొంతు కలిపేసి ఎవరికీ దొరక్కుండా తప్పుకునేవాడిది ‘గుంపులో గోవింద’. మెచ్చుకోవాలనుకున్నప్పుడు మాత్రం ‘ఏకకంఠంతో’ అంటాం. పది గొంతులు కలిస్తే మన పలుకుబడిలో ఉన్నవి రెండే దారులు: దాక్కోవడం, ఒక్కటైపోవడం. పదీ పదిగానే ఉండి కలవడానికి మనకో మాట లేదు. మాటే లేని పనిని పిల్లలకి నేర్పాల్సిన సంగీతం టీచరు దాన్ని ఎక్కడ నేర్చుకోవాలి?

నా దగ్గర గీతాలు, వర్ణాలు నేర్చుకున్న ఒకమ్మాయి రోజూ అనకాపల్లి స్టేషన్లో రైలెక్కి వెళ్ళొస్తూ ఎమ్మే సంగీతం పూర్తిచేసింది. ఇప్పుడు ఒక బళ్ళో పాటలు చెబుతోంది. చేరిన వారానికే వచ్చి, “మాస్టారూ, తోడి రాగం గంటసేపు పాడమంటే పాడగలను. నలభైమంది చేత నాలుగు లైన్లు పాడించడం నా వల్ల కావట్లేదండి” అంది. అప్పటి నుంచీ రెండు చదువుల్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి మనది. రెండోది అమెరికాలో బృందగానం నేర్పడానికే ప్రత్యేకంగా పీజీ చేసే కుర్రాడిది.

మన చదువు సరళీ స్వరాల్లో మొదలై ఆలాపన, నెరవు, స్వరకల్పన దాకా ఎక్కుతుంది. పరీక్ష నాడు వేదిక మీద ఒక్కరే. అక్కడి కుర్రాడికి తోటి విద్యార్థులే క్వయర్. వాళ్ళ ఎదుట నిలబడి చేత్తో నడిపించాలి. అదంతా వీడియో తీసి, తర్వాత అతనికే చూపించి తప్పులు పట్టుకోమంటారు. పాటని పిల్లల ముందు పెట్టబోయే ముందు అందులో ఒకేసారి పలకాల్సిన నాలుగు వరసలూ విడివిడిగా తానే పాడుకోవాలి. ఆ తర్వాత ఓ బడికి వెళ్ళి అనుభవమున్న టీచరు పక్కన కొన్నాళ్ళు పనిచేయాలి. మోటుగా చెప్పాలంటే మనవాళ్ళు గొంతుకి సానపెడతారు, వాళ్ళు చెవికి. ఒక సంగతి ఒప్పుకోవాలి: ఎదురుగా స్వరాలు రాసిన కాగితం లేకపోతే ఆ కుర్రాడు చాలాసార్లు అడుగు కదపలేడు. మనమ్మాయి కాగితం ముట్టకుండా రెండు గంటలు పాడగలదు.

అసలు తేడా నాకు చేతుల్లో కనిపించింది. మన క్లాసులో చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది, దానికి ఇంకో పని ఉండదు. వాళ్ళకి చెయ్యే స్వరం. పిడికిలి నడుము దగ్గర ఉంటే షడ్జం, అరచెయ్యి ఇంకో తీరున తిరిగి పైకి లేస్తే పై స్వరం. నోరు విప్పకుండానే పిల్లల చేత వరస పలికించవచ్చు. ఇంగ్లండులో శారా గ్లోవర్ అనే టీచరమ్మ మొదలుపెట్టిన పద్ధతిని 19వ శతాబ్దంలో జాన్ కర్వెన్ అనే పాస్టరు పెంచి, చేతి సైగలు చేర్చాడు. తర్వాత హంగరీలో జోల్తాన్ కొదాయ్ (1882-1967), ఆయన శిష్యులు దాన్ని తీసుకుని బళ్ళలో పెట్టారు. తమాషా ఏమిటంటే ఆ పద్ధతికి ప్రాణం, వాళ్ళ షడ్జమైన ‘డో’ ఏ శ్రుతిలోనైనా ఉండవచ్చుననడం. మన షడ్జం ఎప్పుడూ అలాగే ఉంది కదా! వాళ్ళు కష్టపడి చేరుకున్న చోట మనం పుట్టాం. అయినా మనం కళ్ళు మూసుకుని పాడతాం. నలభైమందికి పాట చెప్పేవాడు కళ్ళు మూస్తే కుదరదు.

శ్రుతి సంగతి నా తప్పుగానే చెప్పుకోవాలి. కుర్రతనంలో ఓ బళ్ళో పాట చెప్పడానికి వెళ్ళి, నా గొంతుకి హాయిగా ఉందని హార్మోనియంలో ఒకటిన్నర శ్రుతి పట్టాను. సగంమంది పిల్లలు కింది స్థాయిలో గొణిగారు, మిగతావాళ్ళు పై స్థాయి అందుకున్నారు. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో తారస్థాయి గాంధారం వచ్చేసరికి ఆడపిల్లల మెడ నరాలు ఉబ్బాయి. వెనక వరసలో మీసం మొలుస్తున్న ముగ్గురు కుర్రాళ్ళు పెదాలు మాత్రం ఆడిస్తూ నిలబడ్డారు. ‘మీకు శ్రుతిజ్ఞానం లేదు’ అని కోప్పడి ఇంటికొచ్చాను. ఏ వయసు గొంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పలుకుతుందో, గొంతు మారే కుర్రాడికి కొన్నాళ్ళు ఏ వరస ఇవ్వాలో అమెరికా కుర్రాడికి చదువు మొదట్లోనే చెబుతారు. నాకు తెలియడానికి పదేళ్ళు పట్టింది. ఆ అమ్మాయి నయం. రెండోవారమే ఫోన్లో తంబురాని ఐదున్నరకి మార్చింది. బాగా పాడే పిల్లని మైకు ముందు పెట్టి మిగతావాళ్ళని వెనక్కి నెట్టే వార్షికోత్సవం అలవాటు మాత్రం ఇంకా మానలేదు. అక్కడ అలాంటి పిల్లని తడబడే పిల్ల పక్కన కూర్చోబెడతారు.

ఒంటరి గొంతు మీద మనకి ఇంత మమకారం ఊరికే రాలేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల కలిపి ఒకేసారి ఐదు తాళాలు చూపించిన మనిషి. ఒక్కడే ఐదుగురు కావడం మనకి విద్య. ఐదుగురు ఒకరినొకరు వింటూ పాడటం బండపని. ఏటా త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు గోష్ఠిగా పాడతాం, అక్కడా పాడేది ఒక్క వరసే. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్సులో లక్షగళార్చన జరిగింది. లక్షకి పైగా గొంతులు అన్నమయ్య కీర్తనలు అందుకున్నాయి, ఒళ్ళు పులకరించే సంగతే. 1869 నుంచీ పాటల పండగ చేసుకుంటున్న ఎస్టోనియాలో వేలమంది గాయకులు వేర్వేరు వరసల్లో పాడతారు. మైదానం నిండటంలో రెండూ ఒకటే. అయితే మన మైదానంలో పక్కవాడు తప్పినా నా పాట ఆగదు. అక్కడ పక్క వరస తప్పితే నా వరసా కూలుతుంది.

అలాగని వేర్వేరు వరసల్ని కలిపి పలికించే హార్మనీని ఎత్తుకొచ్చి బళ్ళో పెడితే సరిపోతుందనుకోను. తోడి గాంధారం నిలకడగా ఉండదు, ఊగుతూ ఉంటుంది. ఊగే స్వరం మీద ఇంకో స్వరాన్ని పేర్చడం ఉయ్యాల మీద బిందె నిలబెట్టినట్టే. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ (1925-1988) ఈ చిక్కుని మద్రాస్ యూత్ క్వయర్‌తో తనదైన పద్ధతిలో విప్పారు. జానపదాలు, దేశభక్తి గీతాలు, గమకం తక్కువుండే తిన్నని వరసలు ఎంచుకుని వాటి మీద గొంతుల్ని విడదీశారు. గమకం వదులుకున్నారని విద్వాంసులు అనొచ్చు. వదులుకున్నదానికి బదులుగా సంగీతం రాని కుర్రాళ్ళ చేత రెండు వరసలు పాడించారని నేనంటాను.

పక్కవాణ్ణి వినే విద్య ఈ గడ్డ మీద లేకపోలేదు. మా ఊళ్ళో నూకాలమ్మ జాతరకి వచ్చే కోలాటం జట్టుని చూడండి. ఎదుటివాడి కర్ర తగలాల్సిన చోట తగలకపోతే పాట అక్కడే తెగుతుంది. ఓసారి ఆ జట్టు గురువు ఒక కుర్రాణ్ణి ఆపి, “పక్కోడి కర్ర నీకు ఇనపడ్లేదంటే నువ్వు తప్పినట్టేరా బాబూ” అన్నాడు. ఏ యూనివర్సిటీ క్లాసులోనూ ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు. తప్పెటగుళ్ళ జట్టులో నాయకుడు ఎత్తుకున్న చరణాన్ని గుండెల మీది తప్పెట ఆపకుండా అందుకునేవాళ్ళదీ అదే విద్య. రాగం, తాళం పేర్లతో అచ్చేసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని ఆదివారం క్వయర్ నడిపే టీచర్లూ ఉన్నారు. వీళ్ళలో ఎవరినీ మన సంగీతం సిలబస్ గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే: మోహనంతో మొదలుపెట్టమని. ఐదే స్వరాలు, ఏ రెండూ మరీ దగ్గర కావు కాబట్టి ఒకదాని మీద ఒకటి పడ్డా కరవవు. కొదాయ్ కూడా పిల్లల్ని ఐదు స్వరాల పాటలతోనే మొదలుపెట్టించాడు. మనకి సిద్ధంగా ‘వరవీణ’ గీతం ఉంది, వచ్చిన పిల్లాడల్లా మొదటి ఏడాదే నేర్చుకునేది. ఆ అమ్మాయి క్లాసుని రెండు జట్లు చేసి, రెండో జట్టుని ఒక ఆవర్తం ఆలస్యంగా ఎత్తుకోమంది. మొదటిరోజు అందరూ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, పక్క జట్టు తమని లాగేయకుండా ఎలుగెత్తి అరిచారట. మూడోరోజు నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. రెండో జట్టులో ఒక బక్క కుర్రాడు పాట మధ్యలో ఒక చెవిలోంచి వేలు తీశాడు. కాసేపు ఆగి రెండోదీ తీశాడు. నోరు మాత్రం ఆపలేదు.