దండెం మీది పరీక్ష

గద్వాల చీర రంగు నిలుస్తుందా అని అడిగితే దుకాణాదారు తడి తెల్లగుడ్డతో అంచును నాలుగుసార్లు రుద్ది చూపిస్తాడు. గుడ్డకు మరక అంటదు. బేరం కుదిరిపోతుంది. అయితే అది నీళ్ల పరీక్షే, ఎండ పరీక్ష కాదు. ఉతికితే దిగని రంగు దండెం మీద వెలిసిపోవచ్చు.

మా ఇంట్లో అదే జరిగింది. ఆకుపచ్చ చీరను ఒక ఎండకాలమంతా మిద్దె మీదే ఆరేశాం. ఒళ్లు అలాగే ఉంది, గులాబీ అంచు మాత్రం పాలిపోయింది. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనూ అంచు పేకనూ మగ్గం మీదే మెలేసి కలుపుతారు. నూలుకు పట్టే అద్దకం వేరు, పట్టుకు పట్టేది వేరు. పైగా పట్టు రంగుతో పని లేకుండానే ఎండకు పసుపెక్కుతుంది, పెళుసవుతుంది. ఏటా బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి తిరుమల వెళ్లే ఏరువాడ జోడు పంచెలకు ఈ దిగులు లేదు. గర్భగుడిలో ఎండెక్కడిది!

ప్రయోగశాలల్లో ఎండ పరీక్షకు ఎనిమిది నీలిరంగు ఉన్ని ముక్కలు వాడతారు. ఒకటో ముక్క ఇట్టే వెలుస్తుంది, ఎనిమిదోది మొండిది. ఒక్కో ముక్క వెలవడానికి ముందుదానికంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. మన గుడ్డను వాటి పక్కన పెట్టి, సగం కప్పి, జినాన్ దీపం కింద ఉంచుతారు. ఏ ముక్కతో సమంగా వెలిస్తే అదే దాని మార్కు. పసుపుకొమ్ముల అద్దకం అడుగు మెట్లు దాటదు. నీలిమందు చాలా పైకెక్కుతుంది.

నా దగ్గర జినాన్ దీపం లేదు, గద్వాల ఎండ ఉంది. మే మొదట్లో ఇక్కడ మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. అద్దకం చేసేవాళ్ల దగ్గర మిగిలిన పోగులు తెచ్చి రెండు అట్టలకు చుట్టి, సగం మీద నల్లకాగితం కట్టాను. ఒకటి కిటికీ అద్దం వెనక, ఒకటి మిద్దె మీద. అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్ని ఆపేస్తుంది కాబట్టి రెంటికీ తేడా ఉంటుందని తెలుసు. ఇంత ఉంటుందనుకోలేదు. నెల తర్వాత కాగితం విప్పితే మిద్దె మీది గులాబీ పోగు రెండు రంగుల్లో ఉంది, కిటికీలోది కాస్త నీరసించిందంతే.

ఆ అట్ట నేతన్నకు చూపించాను. తిప్పి తిప్పి చూసి, "ఎండల ఆరేయమని మేమెప్పుడన్న చెప్పినమా సారూ?" అన్నాడు.

చీరలిప్పుడు తిరగేసి నీడలోనే ఆరేస్తున్నాం. అట్టను మాత్రం మళ్లీ మిద్దె మీదే పెట్టాను. ముసురు పట్టాక ఏమవుతుందో చూడాలి.