సముద్రం లేని ఊళ్లో దోపిడీ ఆట

స్నేహితులతో ఆడుకోవడానికి ఓడదొంగల బోర్డు గేమ్ కొనాలనుకునేవాళ్లు మొదట చూసేది పెట్టె మీది బొమ్మనే. నల్లజెండా, దాని మీద పుర్రె, ఒంటికన్ను నాయకుడు, మూత తెరిచిన నిధిపెట్టె. బొమ్మ ఎంత బాగున్నా రెండో ఆటకల్లా అది కంటికి ఆనదు. మూడో ఆటకు మనల్ని మళ్లీ కూర్చోబెట్టేది వేరే ఉంది. ఎదుటివాడి సొమ్ము మీద పడాలా, మన సొమ్ము కాపాడుకోవాలా అన్న ఊగిసలాట అది. దానికి ఓడా అక్కర్లేదు, సముద్రమూ అక్కర్లేదు. తల్లాడ నుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉన్న కల్లూరుకు సముద్రం బాగా దూరం, భద్రాచలం వైపు అడవి మాత్రం దగ్గర. ఇలాంటి ఊళ్లలో అరుగుల మీద సుద్దతోనో బొగ్గుతోనో గీసుకునే అష్టాచెమ్మా, పులిజూదం, దాడి ఆటల్లో ఆ పెట్టెల్లో అమ్మే సరుకు చాలావరకు ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదిది. ఆటల లోపలి పనితనాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేలే సంగతే.

ముందు ఆ పెట్టెల్లో ఏముందో చూద్దాం. 2007లో వచ్చిన 'జమైకా'లో ఓడలు ద్వీపం చుట్టూ పందెం వేసుకుంటాయి. వంతు వచ్చిన నాయకుడు రెండు పాచికలు వేసి, పడిన అంకెల్లో ఏది పగటికో ఏది రాత్రికో తానే తేలుస్తాడు. అంకె పడటం అదృష్టం, దాన్ని ఎక్కడ వాడాలన్నది బుద్ధి. రెండు ఓడలు ఒకే చోటికి చేరితే పోరు. 2010 నాటి 'మర్చంట్స్ అండ్ మరౌడర్స్'లో ఒకరు వర్తకుడిగా బతకొచ్చు, ఇంకొకరు దొంగగా బతకొచ్చు. ఇద్దరి బలాలూ భయాలూ వేరువేరు. 2012లో పావ్లో మోరి తయారుచేసిన 'లిబర్టాలియా'లో అందరి చేతిలోనూ ఒకే రకం ముక్కలుంటాయి. ఎవరు ఏ ముక్క దించబోతున్నారో తెలియకుండా అందరూ ఒకేసారి ఎంచుకోవాలి. ఈ చివరి ఆట సంగతి తర్వాత చెప్పుకోవాలి. మొదటి రెండింటి కీలకం మాత్రం మన అరుగు మీదే ఉంది.

అదృష్టాన్ని బుద్ధితో మలుచుకోవడం అష్టాచెమ్మాకు ప్రాణం. 2008లో వచ్చిన సినిమా పుణ్యమా అని పేరు అందరికీ తెలుసు, ఆడటం తెలిసినవాళ్లు అంతమంది ఉన్నారా అన్నది అనుమానమే. నిలువు అయిదు, అడ్డం అయిదు, మొత్తం 25 గడులు. నాలుగు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండూ పడినవాళ్లు మళ్లీ వేస్తారు. కాయ బయటి 16 గడులు చుట్టి, లోపలి ఎనిమిది గడుల్లోకి తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. ఈ ఆటను దొంగల ఆటగా మార్చేది ఒక్క నియమం: ఎదుటివాళ్ల కాయను ఒక్కదాన్నైనా చంపనిదే లోపలి వరుసలోకి దారి లేదు. ఎవరి జోలికీ పోకుండా బుద్ధిగా నడిచేవాడికి ఈ ఆటలో మోక్షం లేదన్నమాట. చంపాలంటే, కాయను ఎవరూ చంపకూడని కొట్లాం (×) గుర్తున్న గడిలోంచి బయటికి రావాలి, బయటికి వస్తే మన కాయ ఇంకొకరికి చిక్కుతుంది. ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమానంగా వీలుందనుకుంటే, నాలుగు గవ్వలు పడే 16 తీర్లలో ఆరుసార్లు రెండు పడుతుంది. ఒకటి నాలుగుసార్లు, మూడు నాలుగుసార్లు. చెమ్మా ఒక్కసారి, అష్టా ఒక్కసారి. అంటే మీ కాయకు సరిగ్గా రెండు గడుల వెనక పగవాడి కాయ ఉంటే అది అన్నిటికన్నా చెడ్డ చోటు. నాలుగు గడుల వెనక ఉంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అసలు గవ్వలు ఇంత నిక్కచ్చిగా పడవు, ఒక్కో గవ్వది ఒక్కో తీరు. అరిగిన గవ్వల నడత కనిపెట్టినవాళ్లకు ఈ లెక్కను కూడా సవరించుకోవడం వస్తుంది.

వేరువేరు బలాల పోరు కావాలంటే పులిజూదం. ఇందులో ఇద్దరి చేతిలో ఉండేది ఒకే రకం సైన్యం కాదు. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. పులులకు పెద్ద గులకరాళ్లు, మేకలకు చింతగింజలు చాలు. పైన కొండశిఖరంలా ఒక కొన, అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు, అడుగున వాటిని కలిపే గీత. ఆ త్రికోణానికి అడ్డంగా మూడు గీతలున్న దీర్ఘచతురస్రం ఒకటి, త్రికోణం దాటి రెండు పక్కలా బయటికి వచ్చేలా గీస్తారు. కొన ఒకటి, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఒక్కటి కూడా కదలకూడదు. పులులు మాత్రం మొదటి నుంచీ తిరుగుతాయి. పక్కనున్న మేకను దాటి అదే గీత మీద అవతలి చోటు ఖాళీగా ఉంటే దూకి తింటాయి. పులులన్నిటినీ కదలకుండా బిగిస్తే మేకల గెలుపు.

కొత్తవాళ్లు మేకలను గుంపుగా నడిమధ్యలో దించి వరుసగా పోగొట్టుకుంటారు. తెలిసినవాళ్లు అంచుల నుంచి మొదలుపెడతారు. దీర్ఘచతురస్రం నాలుగు మూలలూ, అడుగుగీత రెండు చివరలూ, ఈ ఆరు చోట్ల ఉన్న మేకను ఏ పులీ దాటలేదు, ఎందుకంటే ఏ గీత మీద చూసినా దాని అవతల చోటే లేదు. అక్కడ కాలూనాక ఒక్కో మేకకూ వెనక దన్నుగా ఇంకో మేకను పెడుతూ లోపలికి రావాలి. ఒకే గీత మీద జంటగా ఉన్న మేకల మీదికి ఆ వైపు నుంచి పులి దూకలేదు. పులిని బిగించడానికి ఎన్ని మేకలు కావాలన్నది అసలు లెక్క. మూలలో చిక్కిన పులికి దారులు రెండే. ఒక్కో దారిలో పక్కన ఒక మేక, దాని వెనక దన్నుగా ఇంకొకటి, మొత్తం నాలుగు చాలు. కొనమీద కూర్చున్న పులికి దారులు నాలుగు, కాబట్టి ఎనిమిది మేకలు కావాలి. మూడు పులులూ వేరువేరు మూలల్లో పడితే 12 మేకలతో పని ముగుస్తుంది, మూడు పోయినా ఫరవాలేదు. అదే ఒక పులి కొనను వదలకుండా, మిగతా రెండూ మూలల్లో ఉంటే కావలసింది 16. ఉన్నవే పదిహేను. ఒకే మేక రెండు పులులకు అడ్డంగా నిలిచేలా చేస్తే తప్ప గెలుపు లేదు. అందుకే మేకల ఆటగాడు తెలిసి తెలిసి ఒక మేకను ఎరగా పెడతాడు. పులి దాన్ని తిని ఎక్కడ దిగుతుందన్నది ముందే చూసుకుని, ఆ చోటు చుట్టూ దడి కట్టుకుని మరీ పెడతాడు. ఓడదొంగల కథల్లో దొంగను రేవులోకి రప్పించి పట్టుకునే ఎత్తుగడ ఇంతకన్నా గొప్పదేం కాదు.

పులుల పక్షం తేలికనుకోవడం పొరపాటు. మొదట్లో దొరికిన ప్రతి మేకనూ తినేస్తే పులులు అడుగువైపు దిగిపోతాయి, పైన కొన ఖాళీ అవుతుంది. రెండు పులులు పక్కపక్కన చేరడం కూడా నష్టమే, ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం. మంచి పులి గీతలు ఎక్కువగా కలిసే చోట నిలబడి ఒకేసారి రెండు మేకల మీద కన్నేస్తుంది. ఎదుటివాడు ఒకదాన్ని కాచుకుంటే రెండోది పోతుంది.

మూడోది దాడి. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు, 24 చోట్లు, ఇద్దరికీ సమానంగా కాయలు. మూడు కాయలు ఒక గీత మీద చేరిస్తే ఎదుటివాడిది ఒకటి పీకెయ్యొచ్చు. ఇలాంటి గళ్లు హంపి గుళ్ల రాతినేల మీద చెక్కి ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలతో సరిపెట్టకుండా జనం ఆటపాటలకూ చోటిచ్చారు. ఆ పుస్తకానికే 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

పులిజూదంలో ఏదో ఒక పక్షానికి మొగ్గు ఉంటుందనీ, అలాంటి ఆట న్యాయమెలా అవుతుందనీ అడిగేవారున్నారు. నేపాల్‌లో నాలుగు పులులు, 20 మేకలతో ఆడే బాఘ్‌చాల్ మన ఆటకు దగ్గర చుట్టం. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవెర్గెల్ట్ దాన్ని కంప్యూటర్‌తో శోధించి, ఇద్దరూ తప్పు చెయ్యకుండా ఆడితే గెలుపోటములు తేలవని చూపించారు. దాడి కుటుంబానికి చెందిన తొమ్మిది కాయల ఆట గురించి రాల్ఫ్ గాసర్ 1993లో ఇదే తేల్చాడు. అంటే పైకి ఎగుడుదిగుడుగా కనిపించేది లోపల తూకంగానే ఉండొచ్చు. మన 23 చోట్ల పలకకు ఆ తీర్పును అలాగే అంటించలేం, నిజమే. దానికి విరుగుడు సులువు: రెండు ఆటలు ఆడండి, రెండో ఆటకు పక్షాలు మార్చుకోండి, ఎవరి మేకలు తక్కువ పోయాయో వాళ్లదే గెలుపు. కంప్యూటర్ తేల్చేసిన ఆటలో ఇంకేం మిగిలిందన్న మాట అసలు నిలవదు. అరుగు మీద కూర్చున్న ఇద్దరిలో ఎవరూ కంప్యూటర్ కాదు.

వీటిలో కథ లేదన్నది ఇంకొక ఆక్షేపణ. ఓడదొంగల ఆటలో పేర్లు, పటాలు, నిధి ఉంటాయి, ఇక్కడ చింతగింజలే. అయితే కథను పెట్టెలోంచి తీసి చదవడం ఒకటి, ఆడుతుండగా పుట్టడం ఇంకొకటి. పులిజూదం చుట్టూ చేరే జనం చూస్తూ ఊరుకోరు. "అక్కడ పెట్టకురా, తినేస్తది" అని ఒకరు, "తిననీ, తింటే చిక్కుతది" అని ఇంకొకరు. ఇద్దరి ఆట పదిమంది పంచాయితీ అవుతుంది. అటవీ సరిహద్దు ఊళ్లవాళ్లకు పులి, మేక, దడి అంటే ఏమిటో ఎవరూ పేజీలకు పేజీలు వివరించనక్కర్లేదు. దోచుకోవడం పిల్లలకు నేర్పడమేమిటని అడిగేవారికి సమాధానం ఇంకా చిన్నది: అష్టాచెమ్మాలో చచ్చిన కాయ మళ్లీ గవ్వలు వేసుకుని లేస్తుంది. డబ్బు కట్టడం మాత్రం వేరే సంగతి, అది ఆటను చంపేస్తుంది. 18వ శతాబ్దపు ఓడదొంగ బార్తలోమ్యూ రాబర్ట్స్ కూడా తన ఓడ మీద డబ్బు పెట్టి పేకాట, పాచికలు ఆడకూడదని నియమం పెట్టాడని 1724లో అచ్చయిన పుస్తకం చెబుతోంది. దొంగలే ఒప్పుకోని పని మనకెందుకు?

ఒక్క చోట మాత్రం పెట్టె గెలుస్తుంది, దాన్ని దాచడం సరికాదు. మన మూడు ఆటల్లోనూ అన్నీ అందరి కళ్లెదుటే ఉంటాయి, ఏదీ దాచలేం. ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించి, మన మనసులోది తెలియనివ్వకుండా ముక్క దించే 'లిబర్టాలియా' తరహా మజా సుద్దగీతల్లో దొరకదు. పైగా అష్టాచెమ్మా నలుగురితో ఆగిపోతుంది, పులిజూదం ఇద్దరిదే. అయిదారుగురు కూర్చుని ఒకరినొకరు బురిడీ కొట్టించుకోవాలనుకుంటే ఆ పెట్టె కొనండి, డబ్బు దండగ కాదు. నలుగురే అయితే గవ్వలు చాలు. ఇద్దరే ఉండి గంటసేపు తలకు పని చెప్పాలనుకుంటే పులిజూదానికి సాటివచ్చే ఓడదొంగల ఆట తక్కువ.

చెన్నైలోని క్రీడా, మైసూరులోని రామ్‌సన్స్ కళాప్రతిష్ఠాన లాంటి సంస్థలు పాత ఆటలను గుడ్డల మీద, చెక్కల మీద అందంగా చేయించి మళ్లీ జనంలోకి తెస్తున్నాయి. పలక దొరకడం ఇప్పుడు కష్టం కాదు. కష్టమల్లా ఊరి నియమాలతోనే. పులులు ఎక్కడ మొదలవ్వాలి, ఎన్ని మేకలు పోతే ఓడినట్టు, అష్టాచెమ్మాలో ఒకే గడిలో రెండు కాయలు జంటకడితే చంపొచ్చా, ఇవి ఊరికో తీరుగా ఉంటాయి, అచ్చుపుస్తకాల్లో అన్నీ దొరకవు. ఈ సెలవుల్లో ఆట మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మీ ఊరి నియమాలను ఒక కాగితం మీద గీతలతో సహా రాసిపెట్టండి.