తీరిక దొరకదు, కొనుక్కోవాలి

చిన్న వ్యాపారం నడిపేవాళ్లను రెండేళ్ల తర్వాతి సంగతి ఏం ఆలోచించారని అడిగితే, 'ముందు ఈ రోజు గడవనివ్వండి' అంటారు. అందులో బద్ధకమూ లేదు, అబద్ధమూ లేదు. సిరిసిల్లలో సొంత సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని, సేఠ్ ఇచ్చిన నూలుతో కూలికి గుడ్డ నేయించే ఆసామినే తీసుకోండి. పొద్దున షెడ్డు తెరిచేసరికి ఒక సాంచా మీద నూలు బీము అయిపోవస్తుంటుంది, ఇంకోటి మెకానిక్ కోసం ఎదురుచూస్తుంటుంది. గుడ్డ ఎప్పుడు పంపుతావని సేఠ్ ఫోను, అడ్వాన్సు కావాలని కార్మికుడి మాట, మధ్యలో కరెంటు పోవడం, రావడం. సాయంత్రానికి అన్నీ ఎలాగో సర్దుకుంటాయి. వచ్చే ఏడు ఈ గుడ్డ ఎవరు కొంటారన్న ప్రశ్న మాత్రం పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంటుంది. తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటే దాని వంతు ఎప్పటికీ రాదు. తీరికను కొనుక్కోవాలి, దానికి చెల్లించాల్సింది మన చేతిలోని కొంత పెత్తనం అని నా వాదన.

పెద్ద కంపెనీల అధిపతులకైనా తీరిక దానంతటది దొరకదు. కెనడాకు చెందిన మేనేజ్‌మెంట్ పండితుడు హెన్రీ మింట్స్‌బర్గ్ ఐదుగురు అధిపతుల దినచర్యను దగ్గరుండి గమనించి 1973లో పుస్తకం రాశాడు. వాళ్లు చేసే పనుల్లో సగం తొమ్మిది నిమిషాలు కూడా సాగవని, గంట దాటేవి పదింట ఒకటేనని తేల్చాడు. చుట్టూ సిబ్బంది ఉన్నవాళ్ల రోజే అలా ముక్కలైతే, గల్లా, గోడౌన్, బ్యాంకు మూడూ ఒంటిచేత్తో చూసుకునేవాళ్ల మాట చెప్పనక్కర్లేదు. పైగా వాళ్ల నెలను బయటివాళ్లు ముందే పంచేసుకుని ఉంటారు. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ, ఇంకో తేదీన ఈఎంఐ, ఒకటో తారీఖున జీతాలు. తేదీ దాటితే వడ్డనే కాబట్టి ఇవేవీ ఆగవు. వచ్చే ఏడాది గురించి ఎందుకు ఆలోచించలేదని నోటీసు పంపే ఆఫీసు లేదు కాబట్టి ఆ పని ఒక్కటే ఆగుతుంది. దానికీ జరిమానా ఉంది. కాకపోతే నెలనెలా కాదు, ఒక్కసారే వసూలవుతుంది.

ఆ వసూలు ఎలా ఉంటుందో సిరిసిల్ల చూసింది. 2017లో తెలంగాణ ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరు మొదలైంది. ఏటా కోటి దాకా చీరలు, నెలల తరబడి చేతినిండా పని. ప్రభుత్వం మారాక 2024లో ఆ పథకం ఆగింది, సాంచాలు మూగబోయాయి. ఆ తర్వాత మహిళా సంఘాల సభ్యులకిచ్చే ఇందిరమ్మ చీరలతో మళ్లీ పని వచ్చింది. ఇంటి ముందుకొచ్చిన ఆర్డరు తీసుకోవడం తప్పు కాదు. నూలు ధర, కరెంటు చార్జీ, సర్కారు నిర్ణయం ఆసామి చేతిలో ఉండేవీ కావు. కానీ 'ఈ ఒక్క ఆర్డరు ఆగితే ఎన్ని వారాలు కూలి ఇవ్వగలను?' అన్న లెక్క మాత్రం పని జోరుగా ఉన్న రోజుల్లోనే వేసుకోదగ్గది. సమాధానం వెంటనే దొరకకపోవచ్చు. ప్రశ్న ముందుగా వేసుకున్నవాడికి మాత్రం ఇంకో గిరాకీ వెతుక్కోవడానికి నాలుగు రోజులు మిగులుతాయి.

ఇంతకీ పద్ధతిగా ఆలోచిస్తే డబ్బు రూపంలో ఏమైనా తేలుతుందా? దీనికి మంచి సాక్ష్యం నేత రంగంలోనే ఉంది. నికొలస్ బ్లూమ్, మరికొందరు ఆర్థికవేత్తలు 2008లో ముంబై దగ్గరి 17 నేత కంపెనీల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని యూనిట్లకు ఉచితంగా కన్సల్టెంట్లను పంపి, యంత్రం ఎందుకు ఆగిందో, ఏ గుడ్డలో లోపం వచ్చిందో, నూలు ఎంత నిల్వ ఉందో రాసిపెట్టి చూసుకునే అలవాటు చేశారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఇవి వందల మంది పనిచేసే సంస్థలు, మన వీధి చివరి దుకాణాలు కావు, నిజమే. అయినా తర్వాతి కథ అందరికీ పనికొస్తుంది. 2017లో మళ్లీ వెళ్లి చూస్తే, నేర్చుకున్న పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. ఎక్కువగా వినిపించిన కారణాలు రెండు: మేనేజరు మారిపోవడం, యజమానికి సమయం లేకపోవడం. లాభం కళ్లారా చూసినవాళ్లే సమయం చాలక వదిలేశారన్నమాట. ఆ కంపెనీల్లో ఇంకో సంగతి కూడా బయటపడింది. కుటుంబంలో ఎందరు మగవాళ్లుంటే వ్యాపారం అంతవరకే పెరుగుతోంది, ఎందుకంటే బయటి మనిషి చేతికి పెత్తనం ఇవ్వడానికి యజమానికి నమ్మకం చాలదు. అందుకే సమయం కరువంటే చాలాచోట్ల నమ్మకం కరువేనంటాను. చిన్నాపెద్దా ప్రతి నిర్ణయం ఒక్కరి తలూపు కోసం ఆగుతున్నంత కాలం ఏ డైరీ కొన్నా, ఏ యాప్ వేసుకున్నా ఒక్క గంట మిగలదు.

'అప్పగించడానికి ఎవరున్నారు? ఆలుమగలిద్దరమే కొట్టు నడుపుకుంటున్నాం' అనేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. అలాంటప్పుడు అప్పగించే బదులు వదిలించుకోవాలి: మార్జిన్ లేకుండా చోటు తినే సరుకు, పదిసార్లు తిరిగితే గానీ బాకీ తీర్చని ఖాతాదారు. ఒకరిద్దరు పనివాళ్లున్నా చాలు, ఫలానా సరుకు రెండు పెట్టెలకు దిగితే అడగక్కర్లేదు తెప్పించు, రెండు వేల లోపు రిపేరైతే పిలిపించు అని నియమం రాసి గోడకు అంటించవచ్చు. ఎక్కడో వంద, రెండు వందలు తేడా వస్తాయి. తీరిక ఖరీదు అదే.

'వేసిన ప్లాను ఎన్నాళ్లు నిలుస్తుంది?' అన్నది ఇంకో అభ్యంతరం. 2016 నోట్ల రద్దు, 2017 జీఎస్టీ, 2020 లాక్‌డౌన్, 2025లో మన రొయ్యల ఎగుమతుల మీద పడ్డ అమెరికా సుంకాలు: ఏ ప్లానులో ఉన్నాయివి? లేవు. పెద్ద కంపెనీల లాంఛనపు ప్రణాళికలను 1994లో గట్టిగా విమర్శించిందీ మింట్స్‌బర్గే. యాభై పేజీల రిపోర్టు రాయమని నేనూ అనను. అమెరికా సుంకం వేస్తుందని ఎవరూ చెప్పలేకపోవచ్చు గానీ, సరుకులో పెద్ద భాగం ఒకే దేశానికి పోతోందన్నది ఖాతా పుస్తకంలో కనబడే లెక్క. 'మా బుర్ర గల్లా దగ్గరే పనిచేస్తుంది' అనేవాళ్లూ ఉంటారు. బేరం ఎప్పుడు తెగుతుందో, ఎవరికి అప్పివ్వొచ్చో అక్కడే తెలుస్తుంది, కాదనను. కానీ గల్లా దగ్గర కూర్చుంటే వచ్చిన గిరాకీ కనిపిస్తుంది, రాని గిరాకీ కనిపించదు.

నా సూచన ఒకటే: ప్రతి నెలా 21వ తేదీ పొద్దున రెండు గంటలు. ముందు రోజే రిటర్ను వేశారు కాబట్టి అంకెలు తాజాగా చేతిలో ఉంటాయి, కొత్తగా లెక్కలు తీయక్కర్లేదు. ఫోను ఇంకొకరికిచ్చి దుకాణానికి దూరంగా కూర్చోవాలి. ఒక కాగితం మీద కొనేవాళ్ల పేర్లు, అమ్మకంలో ఒక్కొక్కరి వాటా రాయాలి. పక్కనే ఎవరి బాకీ ఎన్ని రోజులైందో వేయాలి. తయారీ, సేవల్లో ఉండి ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు రావాలి; ఆ గడువు దాటినవి వేరే గుర్తు పెట్టాలి. చివర్లో, వచ్చే నెల ఏం మార్చాలో ఒక్క నిర్ణయం, తేదీ వేసి. మొదటి నెలలో గొప్ప ఆలోచన ఏదీ తట్టకపోవచ్చు. అయినా నష్టం లేదు. మీరు లేని ఆ రెండు గంటల్లో పని ఎక్కడ ఆగిందో, ఎవరెవరు దేనికి ఫోన్ చేశారో అడిగి రాసుకోండి. తర్వాత అప్పగించాల్సిన పనుల జాబితా అదే.