అయ్య అతికిన పేర్లు

ఎల్లమ్మకు మొక్కుకుంటే మగపిల్లవాడు పుట్టాడు. పేరేం పెట్టాలి? చివరి 'అమ్మ'ను తీసి 'అయ్య'ను పెడితే సరి, ఎల్లయ్య. పోచమ్మ చలవతో పోచయ్య, మైసమ్మ చలవతో మైసయ్య అలా వచ్చినవాళ్లే. మేడారం మొక్కున్న ఇళ్లలో సమ్మక్క పేరున సమ్మయ్య, సారలమ్మ పేరున సారయ్య ఉంటారు. సమ్మక్కలో 'అక్క' పోయింది, సారలమ్మలో 'లమ్మ' పోయింది. ఎక్కడ కోయాలో పెట్టినవాళ్ల నోటికే తెలుసు. పైగా కోసి అతికించిన చోట గీత కూడా కనపడదు. పాత పేర్లు మోటువని పక్కన పెట్టేవాళ్లు ముందు ఈ పనితనం చూడాలి.

పేరు ముందు భాగంలో సాధారణంగా ఇలవేల్పు ఉంటాడు, ఆయన వెంట ఊరూ ఉంటుంది. పెంచలయ్య అనగానే నెల్లూరు వైపు మనిషి, పెంచలకోన నరసింహస్వామి భక్తుల ఇల్లు అని తెలిసిపోతుంది. కోటయ్య కోటప్పకొండ వాడు. అప్పలస్వామి, అప్పలనాయుడు సింహాద్రి అప్పన్న ఏలుబడిలోని వాళ్లు. యాదయ్యది యాదగిరిగుట్ట, రాజయ్యది వేములవాడ. రాయలసీమ ఓబులేసును చూడండి. అహోబిలేశుడనే సంస్కృత సమాసాన్ని జనం నోళ్లు అరగదీసి అరగదీసి నున్నగా చేశాయి. 'హ' పోయింది, 'శ' కాస్తా 'స' అయింది. దేవుడు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అసలు నేర్పంతా కొసన ఉంది. అయ్య, అప్ప, అన్న, మూడూ ఇంట్లో పెద్దవాళ్లను పిలిచే మాటలే. ఉయ్యాల్లో పడుకున్న పసివాణ్ణి పేరులోనే తండ్రినో అన్ననో చేసేశారు. నరసింహులు, ఆంజనేయులు లాంటి వాటిలో ఉన్నది ఒక్కడే, చివరి 'లు' మాత్రం బహువచనం. అది గౌరవం కోసం. అందుకే ఈ పేర్లు మనిషితో పాటు పెరుగుతాయి. వీధిలో గోలీలాడేటప్పుడు కోటిగాడు, పెళ్లయ్యాక కోటయ్య, నలుగురిలో పెద్దమనిషి అయ్యాక కోటయ్యగారు. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా చూపించిన పింగళి వెంకయ్యకు, ఆ పని కోసం ఇంకో గంభీరమైన పేరు అవసరం కాలేదు.

ఈ కొసకు మతం పట్టింపు లేదు. గుంటూరు వైపు హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్యలు కనిపిస్తారు. ముందున్నది దర్గాలోని మస్తాన్ పేరు, వెనకున్నది తెలుగు 'అయ్య'. పీర్ల పండుగ మొక్కుతో పీరయ్యలు వచ్చారు. క్రైస్తవుల ఇళ్లలో దేవసహాయం, ఏసురత్నం సున్నాతో ముగిసి రామలింగం, సుబ్రహ్మణ్యం పక్కన ఒకే బల్ల మీద కూర్చుంటారు.

కావాలని వికారంగా చేసిన పేర్లలోనూ ఈ పద్ధతి తప్పలేదు. వరసగా బిడ్డలు దక్కని ఇంట్లో ఆ తర్వాత పుట్టినవాణ్ణి ఎంగిలి విస్తళ్ల మీద, అంటే పుల్లాకుల మీద పొర్లిస్తే పుల్లయ్య, పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య. ఇంత పనికిమాలినవాణ్ణి మృత్యువు కూడా ముట్టుకోదని ఆశ. మృత్యువును ఏమార్చడానికి ముందు భాగాన్ని చెత్తలో పడేశారు గానీ, కొసన ఉన్న 'అయ్య'ను తీయడానికి కన్నవాళ్లకు చేతులు రాలేదు.

ఇప్పటి ఆర్యన్లు, విహాన్లు పొల్లుతో ఆగిపోతారు. తెలుగు మాటకు చివర సాధారణంగా అచ్చు కావాలి, దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు సాగదీయడానికి అదే ఆధారం. అందుకే అమ్మమ్మలు 'విహానూ' అని తామే ఒక దీర్ఘం తగిలించుకుంటున్నారు. ఆ మరమ్మతు కూడా పాత పనితనమే.

పిల్లవాడికి పాత పేరు పెట్టాలనుకునేవాళ్లను మొదట భయపెట్టేది నక్షత్రం. ఇరవై ఏడు నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, పాదానికో మొదటి అక్షరం చొప్పున మొత్తం 108 అక్షరాలు. ఆర్ద్ర మూడో పాదానికి వచ్చేది 'ఙ'. దాంతో ఎవరు మాత్రం ఏం పేరు పెడతారు? పెద్దలు జన్మనామాన్ని బియ్యంలో రాసి అక్కడే వదిలేసి, పిలిచే పేరు వేరే పెట్టుకున్నారు. ఆ వెసులుబాటు ఇప్పటికీ ఉంది.

రెండో చిక్కు పాస్‌పోర్టు. వెంకట సుబ్బయ్య అని విడగొట్టి రాస్తే అమెరికా వెళ్లాక 'వెంకట్' ఒక్కటే మిగులుతుంది, ఇంట్లో అందరూ పిలిచే సుబ్బయ్య మూలన పడతాడు. పిలిచే మాటనే ముందు రాయించండి, లేదా రెండూ కలిపి ఒకే మాటగా రాయించండి. ఇక పేరు ఖాయం చేసే ముందు గుమ్మంలో నిలబడి దాని ముందు 'ఒరేయ్' చేర్చి ఒకసారి, వెనక 'గారు' చేర్చి ఒకసారి గట్టిగా పిలిచి చూడండి. రెండూ అతికితే ఆ పేరు డెబ్బై ఏళ్లు పనిచేస్తుంది.