మూడంకెలు చెప్పని గొప్పతనం

1975 జనవరి. మద్రాసు చెపాక్ మైదానం. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ ఆండీ రాబర్ట్స్ మన తొలి ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు పడగొట్టాడు. జట్టు మొత్తం చేసింది 190. అందులో సగానికి పైగా, అంటే 97 పరుగులు, గుండప్ప విశ్వనాథ్ ఒక్కడివే. అవతలి చివర తోడుగా నిలబడేవాళ్లు అయిపోయారు గానీ అతను అవుట్ కాలేదు. ఆ టెస్టును భారత్ 100 పరుగుల తేడాతో గెలిచింది. సెంచరీల పట్టిక తిరగేస్తే ఆ ఇన్నింగ్స్ ఎక్కడా కనబడదు. మూడు పరుగులు తక్కువ మరి.

మన టెస్టు బ్యాట్స్‌మన్లలో గొప్పవాళ్లెవరన్న వాదన వచ్చిన ప్రతిసారీ నాకు ముందుగా ఆ 97 గుర్తుకొస్తుంది. వాదన సాధారణంగా సగటు దగ్గర మొదలై సెంచరీల లెక్క దగ్గర ఆగిపోతుంది. సచిన్ 15,921, ద్రావిడ్ 13,288, గావస్కర్ 10,122. ఈ అంకెలను తక్కువ చేయలేం. కానీ ఏ పిచ్ మీద, ఎవరి బౌలింగ్‌లో, జట్టు ఏ స్థితిలో ఉండగా ఆ పరుగులు వచ్చాయో తెలుసుకోవాలంటే పట్టిక మూసి ఆట దగ్గరికి వెళ్లాలి. బంతి ఎంత కఠినమైన ప్రశ్న వేసింది, బ్యాటు దానికి ఏ జవాబు చెప్పింది అన్నదే నా కొలబద్ద.

వదిలేయడం అనే విద్య

కొత్త బంతి గట్టిగా ఉంటుంది. నిగనిగలాడుతుంది. కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. గాలిలో వంగుతుంది, నేలను తాకాక ఎటు కదులుతుందో బౌలర్‌కే ఒక్కోసారి తెలియదు. అలాంటప్పుడు ఓపెనర్‌కు మొదట కావలసింది షాట్ కాదు, తన ఆఫ్‌స్టంప్ ఎక్కడుందన్న ఎరుక. దాని మీదికి వచ్చే బంతిని ఆడాలి, పక్కనుంచి పోయేదాన్ని పోనివ్వాలి. రెండింటికీ మధ్య తేడా నాలుగు వేళ్ల వెడల్పు. ఆలోచించుకునే వ్యవధి అర సెకను.

ఈ విద్యలో సునీల్ గావస్కర్‌ది పెద్దపీట. 1971లో వెస్టిండీస్‌లో అడుగుపెట్టిన తొలి సిరీస్‌లోనే 4 టెస్టుల్లో 774 పరుగులు చేశాడు. అప్పటి వెస్టిండీస్ బౌలింగ్ తర్వాతి కాలపు నలుగురు ఫాస్ట్ బౌలర్ల దాడి లాంటిది కాదని వాదించేవాళ్లున్నారు, అది నిజమే. అయితే ఆ దాడి వచ్చాక కూడా అతను ఎదురు నిలిచాడు. 1983లో మద్రాసులో 236 నాటౌట్ చేసింది మార్షల్, హోల్డింగ్ ఉన్న జట్టు మీదే. కెరీర్‌లో ఎక్కువ కాలం తలకు ఏ రక్షణా లేకుండా ఆడాడన్నది మరిచిపోకూడదు.

అతని ఆటను రెండు ఇన్నింగ్స్‌ల్లో చూడాలి. 1979లో ఓవల్‌లో లక్ష్యం 438. గావస్కర్ 221 చేశాడు. భారత్ 8 వికెట్లకు 429 దగ్గర ఆగింది, మ్యాచ్ డ్రా అయింది. రెండోది 1987 బెంగళూరు, అతని చివరి టెస్టు. పాకిస్తాన్ స్పిన్నర్లు ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్ ఇద్దరూ మ్యాచ్‌లో చెరి తొమ్మిదేసి వికెట్లు తీసిన పిచ్ అది. బంతి ఎక్కడ పడ్డా గిర్రున తిరిగేది, ఉన్నట్టుండి లేచేది. 221 లక్ష్యంలో గావస్కర్ 96 చేశాడు. జట్టు 16 పరుగుల తేడాతో ఓడింది.

ఆ 96లో చూడవలసింది చేతుల పట్టు. తిరిగే బంతిని బిగపట్టిన బ్యాటుతో ఆపితే అది ఎగిరి దగ్గరున్న ఫీల్డర్ చేతిలో పడుతుంది. పట్టు సడలించి, బంతిని శరీరం దాకా రానిచ్చి, కళ్ల కింద ఆడితే అది చచ్చినట్టు కాళ్ల దగ్గరే పడుతుంది. దీన్నే మెత్తని చేతులతో ఆడడం అంటారు. ఆ విద్యను ఎంత సాధన చేసినా చెడ్డ పిచ్ మీద గంటల తరబడి తప్పు లేకుండా చూపించగలిగేవాళ్లు కొద్దిమందే.

తన షాట్‌ను తానే వదులుకున్నవాడు

సచిన్ టెండూల్కర్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ స్ట్రెయిట్ డ్రైవ్ దగ్గర ఆగుతారు. బ్యాటు నిండుగా, నిటారుగా, బౌలర్ పక్కనుంచి బంతి దూసుకుపోయే ఆ షాట్ అందం వేరు. కానీ నన్ను ఎక్కువగా కట్టిపడేసేది 2004 సిడ్నీ. ఆ సిరీస్‌లో ఆఫ్‌స్టంప్ అవతలి బంతులకు బలవుతూ వచ్చిన అతను సిడ్నీలో కవర్ డ్రైవ్‌ను పక్కన పెట్టేశాడు. 436 బంతులు ఆడి 241 నాటౌట్ చేశాడు. ఆస్ట్రేలియా బౌలర్లు ఆఫ్‌స్టంప్ బయట ఎర వేస్తూనే ఉన్నారు, అతను తాకలేదు. తనకు ఎంతో ఇష్టమైన షాట్‌ను రోజున్నరకు పైగా గుప్పిట్లో బిగించి ఉంచుకోవడం మామూలు నిగ్రహం కాదు.

18 ఏళ్ల వయసులో 1992లో పెర్త్ లేచే పిచ్ మీద 114, 1998 చెన్నైలో షేన్ వార్న్ మీద 155 నాటౌట్. పేస్, స్పిన్, స్వదేశం, విదేశం, ఇన్ని రకాల ప్రశ్నలకు జవాబు చెప్పిన బ్యాట్స్‌మన్ మనకు మరొకడు లేడు. అతను గెలిపించలేదనేవాళ్లు 1999 చెన్నైని చూపిస్తారు. పాకిస్తాన్ ఇచ్చిన లక్ష్యం 271. నడుము నొప్పితో 136 చేసి, ఇంకా 17 కావలసి ఉండగా అవుటయ్యాడు. మిగిలిన 3 వికెట్లూ 4 పరుగులకే పోయాయి. ఆ ఓటమిని అతని ఖాతాలో రాయడం న్యాయం కాదు. తొమ్మిదేళ్ల తర్వాత అదే మైదానంలో ఇంగ్లండ్ మీద 387 ఛేదించినప్పుడు గెలుపు దాకా నిలబడి 103 నాటౌట్ చేసిందీ అతనే.

గోడా, మణికట్టూ

రాహుల్ ద్రావిడ్ టెస్టుల్లో 31,258 బంతులు ఎదుర్కొన్నాడు. చరిత్రలో మరెవరూ అన్ని ఆడలేదు. 2002లో లీడ్స్‌లో మబ్బు పట్టిన ఆకాశం కింద, బంతి కదిలే పిచ్ మీద మనవాళ్లు టాస్ గెలిచి మరీ బ్యాటింగ్ తీసుకున్నారు. ద్రావిడ్ 148తో ఆ నిర్ణయాన్ని నిలబెట్టాడు, ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. 2003 అడిలైడ్‌లో ఆస్ట్రేలియా 556 చేశాక 233, ఛేదనలో 72 నాటౌట్. విదేశీ గెలుపుల పునాదిలో అతని ఇటుకలే ఎక్కువ.

అతని పక్కన నిలబెట్టవలసింది మన హైదరాబాద్ మణికట్టును. ఎం.ఎల్. జయసింహ, మహమ్మద్ అజహరుద్దీన్, వి.వి.ఎస్. లక్ష్మణ్ ముగ్గురిదీ ఆ ఊరి ఆటే. పాఠ్యపుస్తకం ప్రకారం ఆఫ్‌స్టంప్ బయట పడ్డ బంతిని ఆఫ్‌సైడ్ ఆడాలి. వీళ్లు బంతిని చివరి క్షణం దాకా రానిచ్చి, బ్యాటు ముఖాన్ని మణికట్టుతో తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపేవారు. లెక్క తప్పితే ఎల్బీడబ్ల్యూ, లేదా బ్యాటు అంచు తగిలి గాల్లోకి క్యాచ్. సరిగ్గా కుదిరితే బౌలర్ ఎంత మంచి బంతి వేసినా ఫీల్డింగ్ అమరిక చెదిరిపోతుంది.

2001 కోల్‌కతాలో జరిగింది అదే. ఫాలో ఆన్ ఆడుతున్న జట్టులో మూడో స్థానానికి వచ్చిన లక్ష్మణ్, లెగ్‌స్టంప్ బయట గరుకు నేల మీద పడి తిరిగే వార్న్ బంతులకు ముందుకు దూకి ఒకసారి కవర్స్ మీదుగా, ఇంకోసారి అలాంటి బంతినే మిడ్‌వికెట్‌కు కొట్టాడు. ఒకే బంతికి రెండు జవాబులుంటే బౌలర్ ఎక్కడ వేయాలి? 281 పరుగులు, 180 చేసిన ద్రావిడ్‌తో 376 భాగస్వామ్యం, నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడకపోవడం, ఆపైన 171 పరుగుల గెలుపు. లక్ష్మణ్ సగటు 45.97. సగటు చూసి అతన్ని వెనక వరుసలో కూర్చోబెట్టేవాళ్లు 2010 మొహాలీని కూడా చూడాలి. లక్ష్యం 216, స్కోరు 8 వికెట్లకు 124. వెన్ను పట్టేసి రన్నర్‌తో ఆడుతూ 73 నాటౌట్. ఒక్క వికెట్ తేడాతో గెలుపు.

కాలాన్ని కలిపి తూచడం

పాతతరాన్ని ఇప్పటి సగటులతో పోల్చడం అన్యాయం. విజయ్ మర్చంట్, విజయ్ హజారేల కాలంలో పిచ్‌లను వానకు కప్పి ఉంచే ఏర్పాటు అన్నిచోట్లా లేదు. మర్చంట్‌కు దక్కింది 10 టెస్టులే, మధ్యలో ప్రపంచయుద్ధం కొన్నేళ్లు మింగేసింది. హజారే 1948లో అడిలైడ్‌లో బ్రాడ్‌మన్ జట్టు మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ చేశాడు. తెలుగు కుటుంబంలో పుట్టిన తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు ఆడింది 7 టెస్టులు. కానీ 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో కొట్టిన 153 లేకపోతే మనకు టెస్టు హోదా వచ్చే దారి అంత త్వరగా తెరుచుకునేది కాదని నేను నమ్ముతాను.

ఓపెనర్ అంటే వదిలేసేవాడన్న నమ్మకాన్నే వీరేంద్ర సెహ్వాగ్ తిరగరాశాడు. ట్రిపుల్ సెంచరీలు రెండు ఉన్నా, 2008లో గాలేలో జట్టు 329 చేస్తే అందులో 201 నాటౌట్‌గా నిలిచిన ఇన్నింగ్స్‌నే నేను ముందు పెడతాను. విరాట్ కోహ్లీ 2014లో ఇంగ్లండ్‌లో 10 ఇన్నింగ్స్‌ల్లో 134 పరుగులే చేశాడు. 2018లో తిరిగి వెళ్లి 593 చేశాడు. పడ్డచోటే లేచిన ఆ సాధనకు విలువ కట్టాలి.

ఇక నా వరుస చెప్పాలి. కొత్త బంతినీ భయాన్నీ ముందుగా ఎదుర్కొని దారి వేసిన గావస్కర్ మొదట. అన్ని ప్రశ్నలకూ జవాబున్న సచిన్ వెంట్రుకవాసి వెనక. ఆ తర్వాత ద్రావిడ్. వాళ్ల వెనకే సెహ్వాగ్, లక్ష్మణ్, విశ్వనాథ్. విశ్వనాథ్ సగటు 41.93 కదా అనేవాళ్లకు ఒక్క మాట: అతను చేసిన 14 సెంచరీల్లో ఏ ఒక్క టెస్టులోనూ భారత్ ఓడలేదు. అన్నట్టు, అతని ఫస్ట్‌క్లాస్ ప్రయాణం మొదలైంది మన విజయవాడలోనే. 1967లో ఆంధ్ర జట్టు మీద తొలి మ్యాచ్‌లోనే 230 కొట్టాడు.

ఈ వరుసలో ఎక్కడా రాని ఒక పేరుతో ముగిస్తాను. 2021 జనవరి, సిడ్నీ, చివరి రోజు. లక్ష్యం 407, గెలుపు ఆశ పోయింది. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులు ఆడి 23 నాటౌట్‌గా నిలిచాడు. అవతల నడుము నొప్పితో అశ్విన్. ఇద్దరూ కలిసి 40 ఓవర్లకు పైగా ఆడి టెస్టును కాపాడారు. తర్వాతి మ్యాచ్ బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్ మనదైంది. ఆఫ్‌స్టంప్ ఎరుక, మెత్తని చేతులు, వదిలేసే ఓర్పు, గావస్కర్ నుంచి ద్రావిడ్ దాకా వచ్చిన విద్యంతా ఆ 23లో ఉంది. గొప్పవాళ్ల జాబితా గురించి పిల్లలు అడిగితే ముందు నేను వాళ్లకు ఆ 161 బంతులు చూపిస్తాను. వాటిలో ఏముందో తెలిసిన పిల్ల, 97 ఎందుకు సెంచరీ కన్నా పెద్దదో తనే చెబుతుంది.