శుభలేఖలో 'గారు'

పెళ్ళి శుభలేఖను చదవదగిన రచనగా మన విమర్శకులు చూడరు. చూడాలంటాం మేం. ఊళ్ళో 'ఒరేయ్' అనిపించుకున్న మా అయ్యల పేర్ల పక్కన 'గారు' అచ్చయిన మొదటి కాగితం చాలా ఇళ్ళల్లో అదే. దండగ ఖర్చని దాన్ని కొట్టిపారెయ్యలేం.

ఇప్పుడు మనవాళ్ళ కార్డులు కొన్నిటి మీద వినాయకుడి చోట అంబేడ్కర్, బుద్ధుడు వచ్చారు. మంచిదే. మరి లోపల? అదే తిథి, అదే లగ్నం, అదే సుముహూర్తం. ప్రెస్సువాడి నమూనాలో పేర్లు మార్చి వేయించుకుంటున్నాం. 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఎనిమిదోది, బ్రాహ్మణులచేత ఏ క్రతువూ చేయించబోమని. పైన ఆయన బొమ్మ, కింద పురోహితుడు పెట్టిన ముహూర్తం ఎట్లా పొసుగుతాయి? పురోహితుడు లేని పెళ్ళిళ్ళు 1873లో ఫూలే పెట్టిన సత్యశోధక సమాజమే జరిపించింది గదా!

ఇంకో మాట. అయ్య 'గారు' అయ్యాడు. కూలికెళ్ళి పెళ్ళికి పైసాపైసా కూడబెట్టిన అమ్మేమో 'శ్రీమతి అండ్ శ్రీ'లో పేరు లేకుండా మిగిలిపోయింది. ఊరు మనకివ్వని గౌరవాన్ని అచ్చులో తెచ్చుకున్న మనం, ఇంట్లో ఆమెకెందుకు ఎగ్గొడుతున్నాం?

ఈసారి కార్డు వేయించేటప్పుడు ముందు అమ్మ పేరు రాయించండి. పక్కన 'గారు' పెట్టించండి.